పెరుగు పక్కన సీసాలు

మురుగునీళ్ళతో కాపురం చేసిన ఆడది ఈ జంటనగరాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మాటవరసకి అనడం లేదు. ఆ వేసవిలో మా ఫ్రిజ్ పై అరలో పాలు, నడిమి అరలో పెరుగు, ఆ పెరుగు పక్కనుంచి కింది అర దాకా బోయిన్‌పల్లి జనం వదిలిన మురుగు. సీసాల్లో పోసి, మూతలు బిగించి, తెల్ల ప్లాస్టరు ముక్కల మీద తేదీలు రాసి పెట్టేవారు మా ఆయన. కూరగాయలేమో బయట బుట్టలో వాడిపోతూ ఉండేవి.

"ఏవండీ, ఇది కొంపా, మునిసిపాలిటీ ఆఫీసా?" అని అరిస్తే ప్రభుదాస్ గారు నవ్వేవారు.

"ఈ ఒక్క ఎండాకాలం ఓర్చుకో మార్తా."

ఆ ఒక్క ఎండాకాలమే మిగిలింది మరి. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ మొదలుపెట్టి ఏళ్ళు గడిచిపోయాయి. గడువు పొడిగించి పొడిగించి యూనివర్సిటీ వాళ్ళకే విసుగొచ్చింది. ఈ వానాకాలం వెళ్ళేలోగా థీసిస్ చేతికివ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అని చెప్పేశారు. వానలు పడితే కుంటల్లో నీళ్ళు పలచబడి లెక్క చెడుతుంది. కాబట్టి మొదటి వాన పడేలోగా నీళ్ళు పట్టడం అయిపోవాలి. లేదంటే అన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆయన పని నాకర్థమైనంత వరకు చెబుతాను. తప్పులుంటే ఆయన్నే అనండి, నాకు చెప్పింది ఆయనే. మనం తిన్న పప్పూ, గుడ్డూ, చేపా చివరికి మురుగులో అమ్మోనియాగా తేలుతుందట. అది అలాగే పోయి చెరువులో కలిస్తే గుర్రపుడెక్క పెరుగుతుంది, చేపలు చస్తాయి. అందుకని ఊరవతల వరసగా మట్టికుంటలు తవ్వి, మురుగుని ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి మెల్లగా పారించి, ఎండకీ గాలికీ వదిలేస్తారు. చివరి కుంట దాటేసరికి అమ్మోనియా చాలామటుకు తగ్గుతుంది. తగ్గింది ఎటు పోయింది? గాలిలోకి లేచిపోయిందా, నాచు తినేసిందా, అడుగు బురదలోకి దిగిందా? సంతలో తప్పిపోయిన పిల్లాడు ఏ సందులోకి పోయాడో వెతికినట్టు, ఏ దారిన ఎంత పోయిందో కంప్యూటర్‌లో లెక్క కట్టాలి. దాన్ని మోడల్ అంటారు. ఎండ ఎంత, నీళ్ళ వేడి ఎంత, నీళ్ళు ఎన్నాళ్ళు నిలవున్నాయి అన్నీ చెబితే, బయటికొచ్చే నీళ్ళలో ఎంత అమ్మోనియా మిగలాలో అది ఒక గీత గీసి చూపిస్తుంది. సీసాల్లో నీళ్ళు పరీక్షిస్తే వచ్చే అంకెల్ని ఆ కాగితం మీదే చుక్కలుగా పెడతారు. చుక్కలు గీత మీద పడితే మా ఆయన డాక్టర్ ప్రభుదాస్. పడకపోతే ఉత్త ప్రభుదాస్.

నీళ్ళు పాడవకుండా సీసాలో నాలుగు చుక్కలు యాసిడ్ వేయాలని మొదట్లో అన్నారు. యాసిడ్ సీసా నా వంటింటి గడప తొక్కితే నేను పుట్టింటికి పోతానన్నాను. "సరే, అయితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే కాలేజీలో పరీక్ష చేసేస్తాను" అన్నారు. అలా నా ఫ్రిజ్ నా చేయి దాటిపోయింది.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. మా ఆయనకి వాసన తెలీదు. చిన్నప్పటి నుంచీ ముక్కు దిబ్బడే. కూర మాడినా తెలీదు, మల్లెపూలు పెట్టుకున్నా తెలీదు. కాబట్టే ఈ సబ్జెక్టు దొరికిందని కాలేజీలో తోటివాళ్ళు ఏడిపించేవారట.

మార్చి నెలాఖరున మా అత్తగారు సలోమి గారు గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగారు. అటు గోదావరి వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో జీవితమంతా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. రిటైరైన నర్సుల కోసం ఆస్పత్రి వాళ్ళదే ఒక హాస్టలుంది. "కొడుకు దగ్గర కుదురుతుందో లేదో చూసుకో, జూన్ దాకా నీ మంచం ఎవరికీ ఇవ్వను" అని మేట్రన్ గారు మాటిచ్చి పంపారట. ఆ మాట మా అత్తగారు వచ్చీ రాగానే మాకు చెప్పేశారు. పేరు రాసిన ఇనప ట్రంకుపెట్టె మంచం కిందికి తోశారు. బీరువాలో ఒక అర ఖాళీ చేసిచ్చినా ఆవిడ సర్దుకోలేదు. పొద్దున్నే పెట్టె లాగడం, ఒక చీర తీయడం, మళ్ళీ తోసెయ్యడం.

ఆ పెట్టెతో పాటు ఒక డబ్బా కూడా వచ్చింది. బ్లీచింగ్ పౌడరు.

"తుఫానొచ్చిన ఏడు కలరా వార్డు నేనే చూశానమ్మాయ్. ఈ పొడే లేకపోతే సగం తాలూకా ఉండేది కాదు" అనేవారు. మా బాత్రూము, పెరటి తూము, నీళ్ళ డ్రమ్ము, చివరికి వీధి గుమ్మం ముందు కూడా తెల్లగా చల్లేశారు. ఫ్రిజ్ తలుపు తీసి సీసాలు చూసిన రోజు మాత్రం రెండడుగులు వెనక్కి వేశారు.

"ఓరి నా తండ్రీ! పెరుగు పక్కన మురుగేంట్రా?"

"మూతలున్నాయి కదమ్మా" అన్నారు మా ఆయన, చెప్పులేసుకుంటూ.

"బెడ్‌పాన్‌కీ మూత ఉంటుందిరా. అలాగని పక్కన అన్నం పెట్టుకుంటామా?"

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. అత్తయ్య ఇంకేమీ అనలేదు. ఏమీ అనలేదంటే అప్పుడే అనుమానించాల్సింది మేం. ఆవిడ ఊరుకునే రకమా?

నాకు ఒంటిపూట బడి, ఆ తర్వాత సెలవులు. పద్మారావు నగర్ బడిలో టీచర్ని కాబట్టి ఎండాకాలం ఎక్కువగా ఇంట్లోనే ఉంటాను. ఇద్దరం బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చున్నప్పుడు ఆవిడ ఒకసారి అన్నారు. "వాడు నాతో మాట్లాడడే. నేను డ్యూటీల్లో పడి వాణ్ణి ఆయాల దగ్గర వదిలేసి పెంచాను. ఇప్పుడు వాడి పనేంటో నాకు తెలీదు. నా పని వాడికి అక్కర్లేదు. ఊరికే కూచుని తినడం నాకు చేతకాదమ్మాయ్. అక్కడైతే కనీసం ముసలమ్మలకి బీపీ అయినా చూస్తాను."

"ఇక్కడ నాకు చూడండి అత్తయ్యా, మీ అబ్బాయి వల్ల ఎప్పుడూ హై బీపీయే" అన్నాను. నవ్వారు గానీ పెట్టె మాత్రం మంచం కిందే ఉంది.

ఏప్రిల్‌లో చుక్కలు గీత మీంచి జారడం మొదలెట్టాయి. ఫిబ్రవరిలో, మార్చిలో బుద్ధిగా గీత పక్కనే నడిచిన చుక్కలు ఒక్కసారిగా కిందికి దిగిపోయాయి. చివరి కుంటలోంచి వచ్చే నీళ్ళలో అమ్మోనియా దాదాపు లేదు. ముందు ఆయన కంగారు పడ్డారు. రసాయనాలు మార్చి చూశారు, ల్యాబులో వేరేవాళ్ళ చేత పరీక్ష చేయించారు. అదే ఫలితం. తర్వాత మెల్లగా ఆశ పుట్టింది. ఎండలు ముదిరాయి కదా, వేడికి అమ్మోనియా గాలిలోకి లేచిపోతోంది కాబోలు అనుకున్నారు. గాలిలోకి పోయే లెక్కని కంప్యూటర్‌లో పెంచారు, ఇంకా పెంచారు. గీత వంగి వంగి చుక్కల దగ్గరికొచ్చింది.

"మార్తా, ఈ కుంట అద్భుతం చేస్తోంది! ఇంత బాగా పనిచేసే కుంట ఎక్కడా లేదు!" అని ప్రింటు కాగితాలు మంచం నిండా పరిచారు.

"మరి లోపలికొచ్చే మురుగులో కూడా తగ్గిందన్నారుగా?"

"ఎండాకాలం కదా, జనం స్నానాలెక్కువ చేస్తారు. మురుగు పలచబడుతుంది."

"బోయిన్‌పల్లిలో కుళాయి వచ్చి నాలుగు రోజులైంది. స్నానాలెక్కడివండీ?"

వినిపించుకుంటేగా. ఆశ పుట్టిన మనిషికి పెళ్ళాం మాట చెవికెక్కదు.

ఆ వారమే మా ఇంట్లో చర్చి స్త్రీల ప్రార్థన కూటం. పాటలయ్యాక, దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పే వేళకి మా అత్తగారు లేచారు. కొడుకు పనేమిటో మొదటిసారి అర్థమైందనుకున్నారు ఆవిడ. మురుగు మంచినీళ్ళవుతోంది, కొడుకు డాక్టరవుతున్నాడు. "అక్కలారా, నా బిడ్డ పట్టిన నీళ్ళలో దేవుడు కీడంతా తీసేస్తున్నాడు. ఆయనకే స్తోత్రం" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మా ఆయన తల దించుకుని లోపలికెళ్ళిపోయారు, సంతోషంతోనే.

కాగితాలు పట్టుకుని ఏ.ఎస్. రావు నగర్‌లో గైడు రామ్మోహనరావు గారింటికి వెళ్ళారు. నన్నూ స్కూటరెక్కించుకున్నారు. రామ్మోహనరావు గారు కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగుందయ్యా ప్రభుదాసూ. ఇదే నిజమైతే పెద్ద సంగతే. కానీ ఇంత అమ్మోనియా గాలిలోకి పోతుంటే గట్టు మీద ఘాటు తెలియాలి కదా. మధ్యాహ్నం పూట కళ్ళు మండుతున్నాయా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "నాకు వాసన తెలీదు సార్."

"పోనీ కళ్ళు?"

"ఎండకి నల్ల కళ్ళజోడు పెట్టుకుంటాను సార్."

రామ్మోహనరావు గారు పడీపడీ నవ్వారు. నవ్వి, కాగితాలు వెనక్కిచ్చారు. "ముక్కున్నవాళ్ళనెవర్నైనా తీసుకెళ్ళి కనుక్కో. తర్వాతే సంతకం పెడతాను."

తిరిగొస్తూ స్కూటర్ మీద అడిగారు, "మార్తా, రేపు మధ్యాహ్నం నాతో కుంటల దగ్గరికి రాకూడదూ?"

"నోరు తెరిచి మీరు నన్ను షికారుకి పిలిచారు. అదీ మురుగుకుంటకి! నా జన్మ ధన్యమైంది పదండి" అన్నాను.

మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. గట్టు మీద నీడ లేదు. మొదటి కుంట నల్లగా బుడగలు తేలుస్తోంది. చివరిది చిక్కటి ఆకుపచ్చ. దాని కింద గడ్డి మడుల్లో లచ్చమ్మ అనే ఆవిడ గేదెలకి గడ్డి కోస్తోంది. మమ్మల్ని చూసి కొడవలి పక్కన పెట్టి వచ్చింది.

"ఏందమ్మా, సారు దినాం ఈ మోరీ నీళ్ళు సీసలల్ల పట్టుకపోతడు. ఇంట్ల ఏం జేస్తరు గివి?"

"మా ఫ్రిజ్‌లో పెట్టుకుంటాం లచ్చమ్మా."

"అయ్యో నా తల్లీ!" అని బుగ్గన వేలేసుకుంది. "జెర కొంగు అడ్డం పెట్టుకో, కొత్తోళ్ళకు కడుపుల తిప్పుతది."

కొంగు తీసేసి గట్టిగా ఊపిరి పీల్చాను. నాచు పచ్చివాసన, బురద, గేదెల రొచ్చు. కళ్ళు మండలేదు, ముక్కు జివ్వుమనలేదు. మూడు కుంటల గట్లూ తిరిగాను. ఆయన నా మొహం వంకే చూస్తూ వెనకాల నడిచారు, డాక్టరేం చెబుతాడో అని చూసే రోగిలాగా.

"ఘాటు లేదండీ" అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం?

"అస్సలా?"

"ఏ దినం ఎట్లుంటదో ఇయ్యాల సుత గట్లనే ఉంది సారూ. పరేషాన్ గాకుండ్రి" అంది లచ్చమ్మ, ఓదార్పుగా. ఆ ఓదార్పుతో ఆయన ఇంకా వాడిపోయారు.

ఇంటికొచ్చాం. నాకే ఒక ఆలోచన వచ్చింది. గట్టు మీద ఉన్న వాసనే సీసాలోనూ ఉండాలి కదా? ఫ్రిజ్ తీసి, పొద్దున పట్టిన సీసా మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాచూ లేదు, రొచ్చూ లేదు. ట్యాంకరొచ్చిన రోజు బిందెలోంచి వస్తుందే, ఆ వాసన. సీసా ఎత్తి వెలుతురులో చూస్తే అడుగున సుద్దపొడిలా తెల్లటి మడ్డి.

"ఏంటి?" అన్నారాయన.

"బ్లీచింగ్ పౌడరు."

అత్తయ్య వంటింట్లోనే పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు వలుస్తున్నారు. తలెత్తి మావంక చూశారు.

"అత్తయ్యా, ఈ సీసాల్లో మీరేమైనా వేశారా?"

"వెయ్యకపోతే ఎలాగే? పెరుగు తినేది మనమేగా! వాడు సీసా పెట్టి అటు తిరగ్గానే చిటికెడు వేసేస్తా. నేనొచ్చిన మర్నాటి నుంచీ ఒక్క సీసా వదల్లేదు" అన్నారు. ఆ గొంతులో ఎంత తృప్తి! ఈ ఇంట్లో నేను చేసే పని ఇదొక్కటీ ఉంది అన్నట్టు.

మా ఆయన సీసా నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశారు. "బ్లీచింగ్ పౌడరు అమ్మోనియాని తినేస్తుంది మార్తా. కుంట కాదు" అన్నారు. తర్వాత సీసాని దాని చోట్లో పెట్టి, ఫ్రిజ్ తలుపు మెల్లగా వేసి, "పర్లేదమ్మా" అని మేడ మీదికి వెళ్ళారు, బట్టలు తీసుకొస్తానంటూ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన తీగ మీంచి ఒక్క బట్ట తీసిన పాపాన పోలేదు. అప్పుడే ఆరేసినవి కూడానూ.

అత్తయ్య చేతిలో గోరుచిక్కుడు అలాగే ఉండిపోయింది.

"అంటే... వాడి చుక్కలన్నీ నేను వేసినవేనా?"

"అవునత్తయ్యా."

"గడువు కూడా ఈ ఎండాకాలమే అన్నాడు కదూ?"

"అవును."

ఆవిడ వలిచిన చిక్కుళ్ళు గిన్నెలోకి ఎత్తి, చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియని ఏడుపు.

మేడ మీద ఆయన తడి చొక్కా ఒకటి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. "అమ్మకేం చెప్పకు. నేనే శాంపిళ్ళు సరిగ్గా భద్రపరచలేదని సార్‌కి చెబుతాను" అన్నారు.

"చెప్పేశాను."

"ఎందుకు చెప్పావు? అసలే అక్కడ మంచం ఖాళీగా ఉంది. వెళ్ళిపోతుంది!"

"ఆవిడేమైనా చంటిపిల్లా? మీరు మొహం మాడ్చుకుని, మాట మింగేసి తిరుగుతుంటే ఉంటుందనుకున్నారా? ఇన్నాళ్ళూ ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఆ సీసాలు దేనికో ఆవిడకే తెలిసేది" అని దులిపేశాను. నేనన్నది కాస్త ఎక్కువే గానీ, వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రంకుపెట్టె లాగుతున్న చప్పుడు. రోజూ వినేదే, కానీ ఆవేళ వెళ్ళిపోతున్నారేమో అనిపించింది. పరిగెత్తాను. అత్తయ్య గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, జాకెట్టుకి గడియారం పిన్ను పెట్టుకుంటున్నారు. రిటైరయ్యాక ఆ గడియారం పెట్టుకోవడం నేను చూడలేదు.

"ఒరే అబ్బాయ్, మీ ప్రొఫెసరు గారింటికి తీసుకెళ్ళు నన్ను."

"ఎందుకమ్మా? నేను చెబుతాగా."

"వార్డులో తప్పు మందు పడితే డాక్టరుకి చెప్పాల్సింది ఆ మందు వేసిన నర్సేరా. పక్కవాళ్ళు చెబితే అది చాడీ. పద."

ఆటోలో ముగ్గురం వెళ్ళాం. రామ్మోహనరావు గారు పేపరు పక్కన పెట్టి "కూర్చోండమ్మా" అన్నారు. ఆవిడ కూర్చోలేదు. రెండు చేతులూ కట్టుకుని, రౌండ్సుకి వచ్చిన డాక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

"నా పేరు సలోమి అండి, స్టాఫ్ నర్సుని. మార్చి ఆఖరి నుంచి నిన్నటిదాకా మీ సీసాలన్నిట్లోనూ నేను బ్లీచింగ్ పౌడరు వేశాను. ఆర్డరు లేకుండా వేశాను. ఎవర్నీ అడగలేదు. మావాడికి తెలీదు. తప్పు నాది, శిక్ష వాడికి పడకుండా చూడండి."

రామ్మోహనరావు గారు మా ఆయన వంక చూశారు, నా వంక చూశారు. కాగితాలు అడిగి తీసుకున్నారు. ఫిబ్రవరి, మార్చి చుక్కల మీద వేలు పెట్టి, "ఇవి మీరు రాకముందువి. ఇవి బాగానే ఉన్నాయి" అన్నారు. "ఏప్రిల్‌వి తీసెయ్యి ప్రభుదాసూ. ఎందుకు తీసేశావో థీసిస్‌లో రాయి, సిగ్గుపడక్కర్లేదు. వానలకి ఇంకా టైముంది. ఇప్పట్నుంచి రోజుకి మూడు పూటలా పట్టు. ఈసారి యాసిడ్ గట్టు మీదే వేసెయ్యాలి, ఐసులో పెట్టి తేవాలి. కాలేజీకి పోతూ నువ్వొక్కడివీ చెయ్యలేవు. సీసాలెవరు చూస్తారు?"

యాసిడ్ మాటకి నేను కిక్కురుమనలేదు. నేనే చూస్తానందామని నోరు తెరవబోయాను.

"మా అమ్మ చూస్తుంది సార్" అన్నారు ప్రభుదాస్ గారు.

అత్తయ్య గిరుక్కున కొడుకు వైపు తిరిగారు. "నేనా?"

"నువ్వేనమ్మా."

ఆవిడ తేరుకుని, "అయితే ఏ సీసాలో ఎన్ని చుక్కలు వెయ్యాలో ఆర్డరు రాసివ్వమనండి. నోటిమాట మీద నేను వెయ్యను" అన్నారు. రామ్మోహనరావు గారు నవ్వకుండా కాగితం తీసుకుని రాసిచ్చారు. ఆవిడ రెండుసార్లు చదువుకుని, మడిచి, అప్పుడు కూర్చున్నారు. ఆయన భార్య తెచ్చిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగేశారు.

ఇంటికొచ్చాక ఐసు దేన్లో పెట్టాలన్న చర్చ వచ్చింది. బకెట్లో పెడితే కరిగిపోతుంది. థర్మోకోల్ డబ్బాలో సీసాలన్నీ పట్టవు. మేం ఇంకా మాట్లాడుతుండగానే అత్తయ్య గదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చారు, ఖాళీది. కలప అడితిలో రంపపు పొట్టు తెప్పించి అడుగున పరిపించారు, మీద గోనెపట్టా, దాని మీద ఐసు. మర్నాటి నుంచీ ఆ పెట్టె ఆటోలో కుంటల దగ్గరికి డ్యూటీకెళ్ళడం మొదలెట్టింది. నేను బట్టలు సర్దుదామని బీరువా తెరిచి చూస్తే, ఖాళీగా ఉంచిన అరలో తెల్లచీరలు అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి.

మే నెలంతా అదే పని. గట్టు మీద నల్లగొడుగు వేసుకుని, చేతికి తొడుగులేసుకుని ఆవిడ యాసిడ్ చుక్కలు వేసేవారు. లచ్చమ్మకి ఆవిడ నర్సమ్మ అయిపోయారు. గడ్డి కోస్తూ తెగిన వేలికి కట్టు కట్టించుకున్న రోజునుంచీ, "నర్సమ్మ వచ్చిందాక ఎవ్వళ్ళూ ఆ నీళ్ళల్ల చెయ్యి పెట్టకుండ్రి" అని లచ్చమ్మే గడ్డికొచ్చినవాళ్ళని అదిలించేది. మా ఆయన వెదురుగెడకి కట్టిన మగ్గుతో నీళ్ళు పడుతూ, నాచు ఎండలో ఊపిరెలా తీస్తుందో తల్లికి చెప్పేవారు. ఆవిడ కలరా వార్డు కబుర్లు చెప్పేవారు. తల్లీ కొడుకులు అంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒకనాడు నేను అన్నం క్యారియరు పట్టుకెళ్ళినప్పుడు విన్నాను.

"నీ ముక్కు చిన్నప్పుడే చూపించాల్సిందిరా. డ్యూటీలో పడి అశ్రద్ధ చేశాను."

"నీ డ్యూటీ లేకపోతే నాకు చదువెక్కడిదమ్మా" అన్నారాయన, సీసా మీద తేదీ రాస్తూ.

ఆ నెల స్త్రీల కూటంలో మా అత్తగారు మళ్ళీ లేచారు. "పోయినసారి నేను చెప్పింది దేవుని అద్భుతం కాదక్కలారా, నా బ్లీచింగ్ పౌడరు. ఆయన నన్ను క్షమించాలి. నేను చేసిన దాన్ని ఆయన ఖాతాలో వేశాను" అన్నారు. ఎవరికీ స్తోత్రం అనాలో నవ్వాలో తెలియలేదు. పాస్టరమ్మ గారు ముందు నవ్వారు. ఇక చూడండి, ఇల్లంతా ఒకటే నవ్వు.

కొత్త చుక్కలు అద్భుతాలేమీ చేయలేదు. కుంట తను చేయగలిగినంతే చేస్తోంది, ఎండలకి కాస్త ఎక్కువగా. గాలిలోకి పోయేది తక్కువే. ఎక్కువ భాగం నాచులోకీ, ఆ నాచు చచ్చి అడుగు బురదలోకీ పోతోంది. వంచిన గీతని మా ఆయన మళ్ళీ సరిచేశారు. చుక్కలు కొన్ని దాని మీద, కొన్ని అటూ ఇటూ పడ్డాయి. "ఇది నమ్మొచ్చు" అన్నారు రామ్మోహనరావు గారు. దాంతోనే ఆ ఏడు చలికాలంలో మా ఆయన డాక్టరయ్యారు. కానీ నాకు ఆ వేసవి అనగానే గుర్తొచ్చేది ఆ రోజు కాదు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం. ఆకాశం పడమర నల్లగా కమ్ముకొచ్చింది. ఇంకో పూట నీళ్ళు పడితే లెక్క సరిపోతుందని ఆయన ఆటో పిలవడానికి పరిగెత్తారు. అత్తయ్య పెట్టెలో ఐసు సర్దుతున్నారు. అంతలో పక్కింటి నాంచారమ్మ గారు గోడ మీంచి కేకేశారు, "సలోమి గారూ, మీకు ఫోనొచ్చింది. మీ ఆస్పత్రి నుంచట!"

నా కాళ్ళు ఆగలేదు, ఆవిడ వెనకే వెళ్ళాను. అవతల మేట్రన్ గారి గొంతు నాదాకా వినిపిస్తోంది. "జూన్ వచ్చేసింది సలోమీ, మంచం సంగతేం చేశావు? ఎప్పుడొస్తున్నావు?"

అత్తయ్య తడిచేతులు కొంగుకి తుడుచుకుని, కిటికీలోంచి మబ్బు వంక చూశారు.

"ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి మేట్రన్ గారూ. మళ్ళీ మాట్లాడతాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను."

రిసీవరు పెట్టేసి, "చూస్తావేంటే అమ్మాయ్, గొడుగు తే. వానొచ్చేస్తోంది" అన్నారు.